ఆవులు వినే రేడియో

పొద్దున్న ఆరున్నరకి మిర్నా వంటింటి కిటికీలోంచి పశువుల పాక వంక చూసింది. పాకలో లైట్లు వెలుగుతున్నాయి. అంటే రొహేలియో, అతని భార్య నయేలీ ఎనభై ఆవుల్లో సగానికి పైగా పాలు పితకడం పూర్తి చేసి ఉంటారు. గుమ్మం పక్కన వేలాడే థర్మామీటరు సున్నాకి పన్నెండు డిగ్రీల కింద చూపిస్తోంది. ఆమె కాఫీ పొయ్యి మీద పెట్టి, వోట్స్ గిన్నెలో గరిటె తిప్పుతూ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు చలి గురించి కాదు. విస్కాన్సిన్‌లో పుట్టి అరవై తొమ్మిదేళ్ళు బతికిన మనిషికి చలి కొత్తేమీ కాదు. వెనకాల బల్ల దగ్గర భర్త, కూతురు ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో రేడియో ఉంది.

నవంబరు ఎన్నికల్లో ఆమె భర్త ఆర్విడ్ ఓటేసిన మనిషి గెలిచాడు. జనవరి ఇరవైన గద్దె ఎక్కుతాడు. ఇప్పుడు డిసెంబరు. గెలిచినవాళ్ళు ఇంకా కుర్చీలో కూర్చోలేదు, ఓడినవాళ్ళు ఇంకా లేవలేదు. మాట్లాడుకోవడం తప్ప ఎవరికీ ఏ పనీ లేని రోజులివి. ఏ శాఖకి ఎవరిని వేస్తున్నారు, ప్రభుత్వంలో దుబారా ఎలా తగ్గిస్తారు, దేశంలో ఉండటానికి కాగితాలు లేనివాళ్ళని ఎలా పంపేస్తారు అంటూ రేడియో పొద్దున్నే మొదలుపెట్టేది. ఈ టోలెఫ్సన్ వారింట్లో దాన్ని రాత్రి భోజనాల దాకా సాగదీసేవారు.

"ఆ శాఖకి వేసినాయన ఎప్పుడైనా ఆఫీసు మొహం చూశాడా నాన్నా?" అంది బ్రిటా, రొట్టె మీద వెన్న రాస్తూ.

"చూడలేదు. అందుకే బాగుచేస్తాడు. చూసినవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఏం ఊడబొడిచారో చూశాంగా."

"అయితే ఈసారి నీ పన్ను పీకడానికి ఎప్పుడూ పన్ను పీకనివాణ్ణి పిలుస్తాలే."

"పోయినసారి బాగా చదువుకున్న డాక్టరే పీకాడు. మంచి పన్ను పీకాడు."

మిర్నా వచ్చి రేడియో గొంతు కొంచెం తగ్గించింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆమె చేసిన రాజకీయం అంతే. ఎప్పుడు మాట పెరిగినా రేడియో మీట కొంచెం ఎడమ వైపు తిప్పుతుంది. మీట తగ్గిస్తే మనుషులు కూడా తగ్గుతారని ఆవిడ నమ్మకం. ఎప్పుడూ తగ్గలేదు, ఆవిడా ఎప్పుడూ మానలేదు.

బ్రిటాకి ముప్పై ఆరేళ్ళు. పెళ్ళి పెటాకులై, పోయిన వసంతంలో ఇంటికి తిరిగొచ్చింది. జిల్లాలో రైతులకి నేల కోతల గురించి, కాలవల గురించి సలహాలిచ్చే ప్రభుత్వ ఆఫీసులో చేరింది. ఏడాది దాకా ఆ ఉద్యోగం పర్మినెంటు కాదు. దుబారా కోతంటూ మొదలుపెడితే ముందు కోసేది అలాంటివాళ్ళనేనని ఆఫీసులో అందరూ అనుకుంటున్నారు. ఆ భయం ఆమె నోట వేళాకోళంగా బయటికొచ్చేది. తండ్రికి అది పొగరులా వినిపించేది.

"నే వెళ్తున్నా," అని బ్రిటా కోటు వేసుకుంది. "మీ పన్నుల డబ్బు తినడానికి టైమైంది."

"జాగ్రత్త. రోడ్డు గడ్డకట్టి ఉంది," అన్నాడు ఆర్విడ్. ఎంత పోట్లాడినా ఆ ముక్క అనకుండా కూతుర్ని గుమ్మం దాటనివ్వడు.

ఆమె వెళ్ళాక రేడియోలో ఎవరో ఒకావిడ ఫోన్ చేసి మాట్లాడింది. పట్నంలో ఉంటుందట. "మీ రైతులందరూ ఆ కాగితాలు లేనివాళ్ళని పంపేయమని ఓటేశారు కదా, రేపు మీ ఆవుల పాలు ఎవరు పితుకుతారో చూస్తాం," అని నవ్వింది. రేడియోలో కార్యక్రమం నడిపే క్లైడ్ కూడా నవ్వాడు.

ఆర్విడ్‌కి ఒళ్ళు మండింది. డెబ్బై ఒక్కేళ్ళ వయసులో మొదటిసారి లేచి, గోడ మీద ఫోన్ తీసి, ఆ కార్యక్రమానికి నంబరు తిప్పాడు. మిర్నా గరిటె పట్టుకుని చూస్తూండిపోయింది. రెండు నిమిషాల్లో మొగుడు గదిలో ఒకసారి, రేడియోలో ఒకసారి వినిపించసాగాడు.

ఆ ప్రాంతంలో ఆ కార్యక్రమానికి ఫోన్ చేసిన ప్రతివాడూ ముందు పేరు, తర్వాత తన ఇల్లున్న రోడ్డు పేరు చెబుతాడు. ఎవరూ పెట్టిన నియమం కాదు. పొలాల మధ్య బతికేవాళ్ళకి రోడ్డు పేరు ఇంటిపేరు లాంటిది. ఆర్విడ్ కూడా చెప్పాడు. "ఆర్విడ్ టోలెఫ్సన్ని. హెరన్ రిడ్జ్ రోడ్డు."

"చెప్పు ఆర్విడ్."

"ఆ పట్నం ఆవిడకి చెప్పు. పేడ నీళ్ళు నిలవచేసే ఒక్క లాగూన్ గుంట కట్టుకోవడానికి నేను పద్నాలుగు నెలలు కాగితాలు నింపాను. ఆఫీసుల్లో వెచ్చటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో సగం మందిని తీసేసినా ఎవరికీ తెలియదు. ఇక కాగితాలు లేనివాళ్ళంటావా, చట్టం చట్టమే. పంపాల్సిందే."

"నీ దగ్గర ఎవరూ లేరా మరి?" అన్నాడు క్లైడ్, కాస్త చిలిపిగా.

ఆర్విడ్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గర్వంగానే చెప్పాడు. "మావాడి సంగతి వేరు. పదకొండేళ్ళుగా నా దగ్గరున్నాడు. కాగితాలు లేకపోతేనేం, వాడూ వాడి పెళ్ళాం బంగారం. పిల్ల ఇక్కడే పుట్టింది, మన బళ్ళోనే చదువుతోంది. నేననేది అలాంటివాళ్ళ గురించి కాదు."

మిర్నా చెయ్యి అలవాటుగా రేడియో మీట మీదికి వెళ్ళింది. పూర్తిగా ఎడమ వైపు తిప్పేసింది. వంటింట్లో రేడియో ఆగింది. అప్పుడు కిటికీ అవతల పాక కనిపించింది.

పాకలో ఇంకో రేడియో ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం ఆర్విడే దాన్ని దూలానికి మేకు కొట్టి తగిలించాడు. పేడ నీళ్ళు పడకుండా రొట్టెల సంచీ చుట్టాడు. స్టేషను మార్చే మీట ఎప్పుడో విరిగిపోయింది. ఆవులు ఆ స్టేషనుకే అలవాటుపడ్డాయి. ఆ గొంతులు వినిపిస్తే నిలకడగా నిలబడి పాలు చేపుతాయి. వినిపించకపోతే కాళ్ళు మారుస్తూ, తోకలు విసురుతూ బిగబడతాయి. పాలపని చేసే ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఆ రేడియో జోలికి ఎవరూ పోరు.

ఆర్విడ్ ఫోన్ పెట్టేసి, పెళ్ళిచూపుల్లో నెగ్గొచ్చిన కుర్రాడిలా మొహం పెట్టాడు. "బాగా మాట్లాడానా?"

"పాకలో రేడియో ఉంది ఆర్విడ్."

"ఉంటే? వాణ్ణి పొగిడాను కదా."

మిర్నా మాడిపోతున్న వోట్స్‌ని పొయ్యి మీంచి దించింది.

*

రోజూ పాలు పితకడం అయ్యాక రొహేలియో వంటింటి వెనక గుమ్మం దగ్గరికొచ్చి బూట్లు దులుపుకునేవాడు. మిర్నా ఫ్లాస్కులో కాఫీ పోసి, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు పొట్లం కట్టి ఇచ్చేది. అతను అక్కడే నిలబడి ఏ ఆవు మేత తినలేదో, ఏ ఆవు పొదుగు వాచిందో ఆర్విడ్‌కి చెప్పేవాడు. పదకొండేళ్ళలో ఆ ముచ్చట తప్పింది రెండుసార్లే. ఒకటి కూతురు ఇట్సెల్ పుట్టిన రోజు, రెండోది వాళ్ళమ్మ సరిహద్దు అవతల వెరాక్రూజ్‌లో పోయిన రోజు. అప్పుడు అతను వెళ్ళలేకపోయాడు. వెళ్తే తిరిగి రాలేడు కాబట్టి.

ఆ రోజు తొమ్మిదిన్నరైనా రొహేలియో రాలేదు. ఫ్లాస్కు బల్ల మీద అలాగే ఉంది.

"పనిలో ఉండుంటాడు," అన్నాడు ఆర్విడ్.

"ఉండుంటాడు," అంది మిర్నా.

మధ్యాహ్నం ఆర్విడ్ దాణా తేవడానికి ఊళ్ళో మిల్లుకి వెళ్ళాడు. నలుగురు మనుషులు అతని భుజం తట్టారు. రేడియోలో అదరగొట్టావన్నారు. ఆర్విడ్ ఉబ్బిపోయాడు. ఇంతలో బస్తాలు కట్టే మూల నుంచి అతనికి పరిచయం లేని ఒక మనిషి ఇటు తిరిగాడు.

"మీ వాళ్ళు ఆ హెరన్ రిడ్జ్ రోడ్డు మలుపులో తెల్ల ట్రైలర్ ఇంట్లోనేగా ఉండేది?" అన్నాడు, వాతావరణం గురించి అడిగినట్టు.

"ఎందుకు?" అన్నాడు ఆర్విడ్.

"ఊరికే. పిల్లని ఆ మలుపులోనే స్కూలు బస్సు ఎక్కించుకుంటారు కదా. చూస్తుంటాను."

ఆ మనిషి చెడ్డవాడు కావచ్చు, కాకపోవచ్చు. నిజంగా ఊరికే అడిగి ఉండొచ్చు. కానీ ఆర్విడ్ ఆ రోజు దాణా బస్తాలు లెక్క చూసుకోకుండా బండెక్కాడు. దారిలో మలుపు దగ్గర ఆగి తెల్ల ట్రైలర్ వంక చూశాడు. కిటికీలకి లోపలి నుంచి దుప్పట్లు కట్టి ఉన్నాయి. నిన్న లేవు.

*

సాయంత్రం బ్రిటా ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల సిద్ధంగా ఉంది. ఆమె కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా కుర్చీ వెచ్చగా ఉందట కదా," అంది.

ఆర్విడ్ బంగాళాదుంప మీద ఉప్పు జల్లుకుంటూ తలెత్తలేదు. "నిన్నన్నది కాదు."

"మా ఆఫీసులో కూడా పొద్దున్న రేడియో పెడతారు నాన్నా. ఏడుగురం ఉన్నాం. నీ గొంతు వినగానే అందరూ తలలు దించుకుని పని చేస్తున్నట్టు నటించారు. నేనొక్కదాన్నే ఎటు చూడాలో తెలీక కూర్చున్నా."

"నేను ఆ పైవాళ్ళ గురించి అన్నాను. ఆ కాగితాలన్నీ కనిపెట్టేవాళ్ళ గురించి."

"నన్ను కాదు. రొహేలియోని కాదు. మరి ఎవర్ని నాన్నా? నీకు తెలిసినవాళ్ళు ఎవరూ కాకుండా, నువ్వు మొహం చూడనివాళ్ళు మాత్రమేనా?"

"నువ్వు మాత్రం? నీ లెక్కలో ఈ జిల్లాలో ఓటేసిన వాళ్ళలో సగం మంది మూర్ఖులు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. పద్నాలుగు నెలలు ఆ కాగితాలతో నా ప్రాణం తోడేశారే, అప్పుడు మీ పార్టీవాళ్ళు ఎవరైనా వచ్చి ఎలా ఉన్నావ్ ఆర్విడ్ అని అడిగారా? పాల ధర పడిపోయి ఈ రోడ్డు మీద తొమ్మిది పాకలు మూతపడ్డాయి. ఒక్కడైనా వచ్చి చూశాడా?"

"అందుకని మన పాకని కూడా మూసేసుకుంటున్నావా?"

"నేనేం మూశాను? వాణ్ణి మెచ్చుకున్నాను. బంగారమన్నాను."

"పేరు చెప్పావు. రోడ్డు చెప్పావు. కాగితాలు లేవని చెప్పావు. పిల్ల ఏ బళ్ళో చదువుతుందో కూడా చెప్పావు. ఇంకేం మిగిలింది నాన్నా చెప్పడానికి? బూట్ల సైజా?"

ఆర్విడ్ మొహం ఎర్రబడింది. బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "నా ఇంట్లో నా బల్ల దగ్గర..."

"ఆపండి."

ఆ మాటన్నది మిర్నా. గట్టిగా కూడా అనలేదు. కానీ రేడియో మీట తిప్పకుండా ఆమె నోరు విప్పడం వాళ్ళకి అలవాటు లేదు. ఇద్దరూ ఆగిపోయారు.

ఆమె లేచి వెళ్ళి గట్టు మీద బోర్లించి ఉన్న గాజు గిన్నెలు ఒక్కొక్కటీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఓవెన్లో పెట్టే వెడల్పాటి గిన్నెలు. మొత్తం ఐదు. ఒక్కోదాని అడుగున కాగితం టేపు, దాని మీద మిర్నా చేతిరాతతో 'మిర్నా టి.' అని ఉంది. చర్చి విందులకీ, చావులకీ, పురుళ్ళకీ ఇంటింటికీ తిరిగే గిన్నెలవి. టేపు లేకపోతే ఎవరివి ఎవరివో తెలియవు.

"మధ్యాహ్నం నువ్వు మిల్లుకెళ్ళినప్పుడు నయేలీ వచ్చింది," అంది మిర్నా. "ఇవన్నీ కడిగి తెచ్చి ఇచ్చింది. ఎప్పటెప్పటివో. ఇదిగో, ఇది ఇట్సెల్‌కి జ్వరం వచ్చినప్పుడు నేను పంపింది. మూడేళ్ళయింది. నేను మర్చేపోయాను."

తండ్రీ కూతుళ్ళు గిన్నెల వంక చూశారు.

"ఖాళీగా తెచ్చింది ఆర్విడ్."

ఆ మాట అర్థం కావడానికి ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పొరుగువాళ్ళ గిన్నె ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. నాలుగు బిస్కట్లైనా, రెండు యాపిల్ పళ్ళైనా వేసి ఇస్తారు. నయేలీ ఆ పద్ధతి ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలోనే నేర్చుకుంది. మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు నింపి పంపేది. అవి తినడానికే మిర్నా కావాలని గిన్నెలు పంపుతుందని ఆర్విడ్ ఎగతాళి చేసేవాడు. గిన్నె ఖాళీగా తిరిగొచ్చిందంటే ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయిందన్నమాట.

"ఎప్పుడు వెళ్తున్నారట?" అని అడిగాడు ఆర్విడ్.

"నేను అడగలేదు. అది చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని నిలబడింది అంతే. నేను నలభై నాలుగేళ్ళుగా ఆ మీట తిప్పుతూ బతికాను. మీరిద్దరూ అరుచుకున్నా, అది నా ఇంట్లోనే కదా అనుకున్నాను. ఇవాళ పాకలో రేడియోని ఇక్కణ్ణించి తగ్గించలేకపోయాను." మిర్నా కళ్ళు తుడుచుకుని కూర్చుంది. "నేను అలిసిపోయాను. ఎవరు గెలిచారో, ఎవరిది తప్పో నాకొద్దు. భోంచెయ్యండి."

ఎవరూ తినలేదు.

*

మర్నాడు తెల్లవారుజామున ఆర్విడ్ బూట్లు తొడుక్కోవడానికి వెనక గదిలోకి వచ్చేసరికి బ్రిటా అక్కడే ఉంది. తల్లి పాత పని కోటు వేసుకుని, జిప్పు పట్టక తంటాలు పడుతోంది. ఆర్విడ్ వంగి జిప్పు లాగాడు. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు లాగినట్టే, గడ్డం తగిలేదాకా లాగాడు.

"నీ కుర్చీ నిజంగా వెచ్చగా ఉంటుందా?" అన్నాడు.

"హీటరు పాడై రెండేళ్ళయిందట నాన్నా. బాగుచేయించమని అడిగితే డబ్బుల్లేవన్నారు. కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు వేసుకుంటున్నా."

ఆర్విడ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పొరపాటైపోయిందమ్మా," అన్నాడు. కూతురితో ఆ మాట ఎప్పుడైనా అన్నాడో లేదో అతనికే గుర్తులేదు.

"నేను క్షమించడం పెద్ద పని కాదు. నేను కూడా నిన్ను తక్కువేం అనలేదు." ఆమె టోపీ చెవుల మీదికి లాక్కుంది. "దూడలకి పాలు నేను పడతాను. నువ్వు పాకలోకి వెళ్ళు."

ఆర్విడ్ పాకలోకి వెళ్ళగానే మొదట చేసిన పని రేడియో ప్లగ్గు పీకేయడం. తర్వాత కోటు చేతులు పైకి మడిచి మొదటి వరస ఆవుల దగ్గర వంగాడు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక అతను పాలపనికి దిగి నాలుగేళ్ళయింది. పొదుగు తుడిచి, మందులో ముంచి, మెషిను కప్పులు తగిలించాడు. చేతులకి పని గుర్తుంది కానీ ఆవులకి చేతులు గుర్తున్నట్టు లేదు. పెర్ల్ అనే పాత ఆవు కాలు విసిరి కప్పులన్నీ తన్నేసింది. వరసంతా కదిలింది. పాలు గొట్టాల్లో సన్నగా, ఆగి ఆగి వస్తున్నాయి.

వెనకాల తలుపు తెరుచుకుంది. రొహేలియో వచ్చి, అంతా ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా పెర్ల్ పక్కన నిలబడి దాని వీపు మీద చెయ్యి వేశాడు. నలభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు. రాత్రంతా నిద్రలేని మొహం.

"రేడియో తీసేశారేంటి బాస్?"

"ఇంక అది ఈ పాకలో మోగదు," అన్నాడు ఆర్విడ్. మోగదు అన్నాక ఇంకేదో అనాలి. రాత్రంతా మంచం మీద కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "రొహేలియో, నేను నిన్ను అనలేదు. నిన్ను మెచ్చుకుందామనే..."

"తెలుసు."

"తిరిగి ఫోన్ చేసి చెప్తాను. అలాంటివాళ్ళెవరూ నా దగ్గర లేరని చెప్తాను."

"వద్దు బాస్. ఇంకోసారి చెబితే, విననివాళ్ళు కూడా వింటారు."

ఆర్విడ్ తల వంచుకున్నాడు. "నేను ఓటేసింది దీనికి కాదు."

"మీరు ఎవరికి ఓటేసినా నాకు కాగితం రాలేదు. పదకొండేళ్ళలో వీళ్ళూ వచ్చారు, వాళ్ళూ వచ్చారు. వచ్చేముందు అందరూ నా గురించి మాట్లాడతారు. వచ్చాక మర్చిపోతారు. నాకూ అలాగే బాగుండేది." రొహేలియో పెర్ల్ వెనక్కి వెళ్ళి కప్పులు నీళ్ళతో కడిగాడు. "శనివారం వెరాక్రూజ్ వెళ్ళిపోతున్నాం. పిల్లకి బడి సెలవులు శుక్రవారం నుంచి. నయేలీ వాళ్ళ అన్నయ్య దగ్గర కాఫీ తోట ఉంది. పని దొరుకుతుంది."

"పిల్ల చదువు?"

"అక్కడా బళ్ళున్నాయి. దానికి స్పానిష్ రాయడం రాదు. నేర్చుకుంటుంది."

ఆవులు ఇంకా కుదురుకోలేదు. రొహేలియో దూలం దగ్గరికి నడిచి, వేలాడుతున్న వైరు తీసి, ప్లగ్గు పెట్టాడు. క్లైడ్ గొంతు పాకంతా నిండింది. ఏదో శాఖకి ఎవరినో వేశారట, ఎవరో ఫోన్ చేసి తిడుతున్నారు, ఇంకెవరో మెచ్చుకుంటున్నారు. పెర్ల్ తోక దించింది. వరస పొడుగునా చెవులు వాలాయి. గొట్టాల్లో పాలు తెల్లగా, ఆగకుండా పారడం మొదలైంది.

"వాటికి కావాలి బాస్," అన్నాడు రొహేలియో. "వాటికి మాటలు తెలీవుగా. గొంతు అలవాటు, అంతే."

ఆర్విడ్ ఆ రేడియో వంక చూస్తూ నిలబడ్డాడు. "మరి నువ్వు? ఇన్నేళ్ళూ రోజూ విన్నావు కదా అదంతా."

"నేనూ వాటిలాగే విన్నాను. ఎవరో ఏదో అంటారు, నా పని నాది. చెవిలో పడేది, లోపలికి పోయేది కాదు." రొహేలియో మందు గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. "నిన్న మీ గొంతు వచ్చింది. అందుకని మాటలు విన్నాను."

పెర్ల్ పక్కకి ఒరిగి, దాని వెచ్చటి డొక్కకి నుదురు ఆనించి, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవు కదల్లేదు. రొహేలియో కాసేపు చూసి, వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతని కళ్ళూ తడిగానే ఉన్నాయి.

చాలాసేపటికి ఆర్విడ్ ముక్కు తుడుచుకున్నాడు. "బండి ఎవరు నడుపుతారు?"

"నేనే. ఇంకెవరు?"

"లైసెన్సు లేదు నీకు."

"పదకొండేళ్ళుగా లేదు."

"సరిహద్దు దాకా రెండున్నర రోజులు. దారిలో ఎవడైనా ఆపితే? పిల్ల ముందు నిన్ను దింపేస్తే?" ఆర్విడ్ నడుం నిటారుగా చేశాడు. "నేను నడుపుతాను. సరిహద్దు వంతెన దగ్గర తాళాలు నీ చేతిలో పెట్టి బస్సులో తిరిగొస్తాను."

"మీకు కళ్ళు సరిగా కనపడవు బాస్."

"నాకు బాగానే కనపడతాయి."

"మిర్నా అమ్మ అలా అనలేదు."

"అమ్మని అడక్కు," అన్నాడు ఆర్విడ్. ఇద్దరూ నవ్వబోయారు కానీ అది నవ్వు దాకా వెళ్ళలేదు. ఇద్దరూ రెండో వరస ఆవుల దగ్గరికి కదిలారు.

*

శనివారం పొద్దున్న వంటింటి ముందు బండి నిలబడి ఉంది. వెనక పరుపులు, ఇట్సెల్ సైకిలు, కుట్టు మిషను తాళ్ళతో కట్టారు. ఆర్విడ్ కొత్త కళ్ళజోడు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. అది మిర్నా పెట్టిన షరతు. బ్రిటా పాకలోంచి పేడ బూట్లతోనే పరిగెత్తుకొచ్చింది. తండ్రి తిరిగొచ్చేదాకా పాలపని ఆమెదీ, తల్లిదీ. ఆఫీసులో మిగిలిన సెలవులన్నీ పెట్టేసింది.

"జనవరి తర్వాత మొత్తం సెలవే కావచ్చు నాన్నా. అప్పుడు జీతం నువ్వే ఇవ్వాలి."

"పద్నాలుగు నెలలు కాగితాలు నింపు. ఇస్తాను," అన్నాడు ఆర్విడ్. "జాగ్రత్త. పాక ముందు గడ్డకట్టి ఉంది."

మిర్నా రెండు చేతులతో తువ్వాలు చుట్టిన గాజు గిన్నె పట్టుకొచ్చింది. మాంసం, బంగాళాదుంపలు, పైన చీజు కరిగి ఇంకా బుసబుసలాడుతోంది. నయేలీ ఒళ్ళో పెట్టింది. నయేలీ గిన్నె అడుగు తడిమి చూసింది. వేళ్ళకి కాగితం టేపు తగిలింది.

"అమ్మా, ఇది మీ గిన్నె," అంది.

"నాదే."

"దీన్ని ఎలా తిరిగివ్వను నేను?" నయేలీ గిన్నెని రెండు చేతులా పట్టుకుంది. "అంత దూరం నుంచి ఎలా తేను?"

"నాకు తెలీదు. ఎప్పుడు తెస్తావో, ఎలా తెస్తావో నువ్వే చూసుకో. ఇట్సెల్ పెద్దదయ్యాక దానితో పంపినా సరే, అది ఇక్కడి పిల్లే కదా, దాన్ని ఎవరూ ఆపరు." మిర్నా వంగి, కిటికీలోంచి ఆమె నుదురు మీద ముద్దు పెట్టింది. ఏడుపు ఆపుకోవడానికి గొంతు కాస్త కరుగ్గా చేసుకుంది. "ఖాళీగా మాత్రం తేకు."

బండి మలుపు తిరిగేదాకా మిర్నా, బ్రిటా అక్కడే నిలబడ్డారు. తర్వాత పాకలోకి వెళ్ళారు. ఇంకా సగం ఆవుల పాలు పితకాలి.